ఫ్లాష్‌కి డబ్బా తొడిగితే వెలుగు మెత్తబడదు

గుంటూరు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వచ్చే నెలలో వాళ్ల చెల్లి ఓణీల ఫంక్షన్. ఫొటోలు తనే తీయాలనుకుంటున్నారు. చేతిలో కానన్ 200డీ, ఒక ఫ్లాష్ ఉన్నాయి. ఇంట్లో ట్రయల్ తీస్తే నుదురు, ముక్కు తెల్లగా మెరిసిపోతున్నాయి. వెనక గోడ మీద తల నీడ నల్లగా పడుతోంది. తెల్ల ప్లాస్టిక్ డిఫ్యూజర్ క్యాప్ కొని తొడిగినా తేడా కనబడలేదు. మెత్తగా, ముఖమంతా సమానంగా వెలుగు రావాలంటే ఇంకా ఏం కొనాలి అని అడుగుతున్నారు.

ముందు సూటిగా చెప్తాను. ముఖం వైపు నుంచి చూస్తే వెలుగు వచ్చే చోటు పెద్దదిగా కనబడాలి. అదొక్కటే మెత్తటి వెలుగు. ఫ్లాష్‌ని నేరుగా ముఖానికి కొట్టకండి. తెల్ల గోడకి గానీ తెల్ల గొడుగుకి గానీ కొట్టండి, ఆ గోడ లేదా గొడుగు మనిషికి దగ్గరగా ఉండేట్టు చూడండి. కొత్త ఫ్లాష్ అక్కర్లేదు. ఒక మీటరు వెడల్పున్న తెల్ల గొడుగు, దాన్ని పట్టే స్టాండు, ఫ్లాష్‌ని కెమెరాకి దూరంగా పేల్చడానికి ఒక ట్రిగ్గర్ చాలు.

కానీ మీ ప్రశ్నలో రెండు మాటలున్నాయి, మెత్తగా, సమానంగా అని. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. కాదు. మెత్తదనం వెలుగు పరిమాణం వల్ల వస్తుంది. సమానత్వం దూరం వల్ల వస్తుంది. ఒక్కోసారి ఒకటి పెంచబోతే రెండోది తగ్గుతుంది. అది కాసేపట్లో లెక్కతో చూపిస్తాను.

మన ఎండనే చూడండి. సూర్యుడి వ్యాసం దాదాపు 14 లక్షల కిలోమీటర్లు. అయినా 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు కాబట్టి మన కంటికి చిన్న బిళ్లంతే. అందుకే బెజవాడ మిట్టమధ్యాహ్నం ముక్కు కింద నీడ గీత గీసినట్టు ఉంటుంది. అదే వానాకాలం మబ్బు పట్టిన రోజు ఆకాశమంతా ఒకే దీపం అవుతుంది, నీడకి అంచే కనబడదు. సూర్యుడు మారలేదు, మనకి వెలుగు వచ్చే చోటు పెద్దదైంది.

మీ ఫ్లాష్ ముఖం ఏడు సెంటీమీటర్ల వెడల్పు ఉంటుందేమో. రెండు మీటర్ల దూరం నుంచి అది మీ చెల్లి ముఖానికి మిట్టమధ్యాహ్నపు సూర్యుడిలాగే పనిచేస్తుంది. దానికి తొడిగిన ప్లాస్టిక్ డబ్బా కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. పరిమాణం పెరగలేదు కాబట్టి నీడ అంచు మెత్తబడదు. ఆ డబ్బా చేసే పని వేరు, వెలుగుని అన్ని వైపులా చిమ్ముతుంది. తెల్ల గోడలున్న చిన్న గదిలో అలా చిమ్మిన వెలుగు గోడలకి తగిలి వెనక్కి వస్తుంది కాబట్టి అక్కడ కొంచెం పనిచేసినట్టు కనబడుతుంది. ఆరుబయట, రాత్రి లాన్‌లో వెలుగంతా ఆకాశంలోకి పోతుంది, బ్యాటరీ ఖర్చవడం తప్ప ఫలితం ఉండదు. పారేయమని అనను గానీ దాని మీద ఆశ పెట్టుకోకండి.

నేను ఈ పని నేర్చుకున్నది గవర్నర్‌పేటలో ఒక చిన్న స్టూడియోలో. అప్పుడు ఫ్లాష్ కాదు, 500 వాట్ల బల్బులు. మా గురువుగారు చెక్క ఫ్రేముకి బటర్ పేపర్ అతికించి బల్బుకీ మనిషికీ మధ్య నిలబెట్టేవారు. నేను చేరిన కొత్తలో ఆ ఫ్రేముని బల్బుకి దగ్గరగా జరిపేవాణ్ణి, ఎక్కువ వెలుగొస్తుందని. ఆయన ఏమీ అనకుండా వచ్చి దాన్ని మనిషి వైపు జరిపేవారు. మూడోసారి కూడా అలాగే చేస్తే కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, ఫ్రేము వైపు చూడమన్నారు. బల్బు దగ్గర ఉన్నప్పుడు పేపర్ మధ్యలో పళ్లెమంత గుండ్రటి మచ్చ మాత్రమే వెలుగుతోంది. నా వైపు జరిపాక పేపర్ అంతా వెలిగింది, పైగా దగ్గరికి రావడంతో కిటికీ అంత కనబడింది. ఇప్పటికీ ఎక్కడ లైట్ పెట్టినా ముందు నేనే వెళ్లి మనిషి కూర్చోబోయే చోట కూర్చుని లైట్ వైపు చూస్తాను. మీరూ అదే చేయండి. వెలుగుని కొలవడానికి ఇంతకంటే మంచి మీటర్ లేదు.

సినిమా వాళ్లు కూడా ఇదే దారి తొక్కారు. బెంగాలీ దర్శకుడు సత్యజిత్ రాయ్ దగ్గర కెమెరామన్‌గా చేసిన సుబ్రత మిత్ర 1950లలో స్టూడియోలో కాశీ ఇంటి మండువా సెట్‌కి వెలుగు కట్టాల్సి వచ్చింది. మండువాలోకి ఆకాశం నుంచి దిగే వెలుగుకి నీడలు గట్టిగా ఉండవు. ఆయన సెట్ పైన తెల్ల గుడ్డ కట్టించి, లైట్లు కింది నుంచి ఆ గుడ్డ మీదికి కొట్టి, తిరిగొచ్చే వెలుగుతో సీన్లు తీశారు. మీ చేతిలో ఉన్న ఫ్లాష్‌ని సీలింగ్‌కి కొట్టడం కూడా అదే పని, చిన్న ఎత్తున.

ఇక ఇంట్లో తీసేటప్పుడు ఏం చేయాలో చెప్తాను. ఈ రోజే చేసి చూడొచ్చు, పైసా ఖర్చు లేదు.

పది అడుగుల తెల్ల సీలింగ్ ఉన్న గదిలో ఫ్లాష్ తలని పైకి, కొంచెం మీ వెనక్కి, ఒక పక్కకి తిప్పండి. నేరుగా నెత్తి మీదికి కొట్టొద్దు. అలా కొడితే వెలుగు పై నుంచే దిగి కళ్ల గుంటల్లో నీడలు పడతాయి. ఓణీల ఫంక్షన్‌లో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పాపిట బిళ్ల నీడ నుదుటి మీద నల్ల బొట్టులా దిగుతుంది. మీ ఎడమ భుజం వెనక ఉన్న గోడా, సీలింగూ కలిసే మూలకి కొడితే వెలుగు ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి కలిసి వస్తుంది. ఐఎస్ఓ (కెమెరా వెలుగుని పట్టే సున్నితత్వం) 800, లెన్స్ రంధ్రం ఎఫ్ 4, షట్టర్ 1/160 సెకను, ఫ్లాష్ మాన్యువల్‌లో 1/8 పవర్, అంటే నిండు బలంలో ఎనిమిదో వంతు. ఇక్కడి నుంచి మొదలుపెట్టి పెంచుకోండి, తగ్గించుకోండి. ఐఎస్ఓ 100 మీద పట్టుబడితే ఫ్లాష్ ప్రతిసారీ నిండుగా పేలాలి, మళ్లీ చార్జ్ అయ్యేలోపు చెల్లి నవ్వు అయిపోతుంది.

మనిషిని గోడకి ఆనించి నిలబెట్టకండి. ఐదారు అడుగులు ముందుకి తీసుకురండి. గోడ మీద నల్ల నీడ సమస్య సగం దీనితోనే పోతుంది.

గోడ ఏ రంగైతే ముఖం ఆ రంగు. ఇది కష్టపడి నేర్చుకున్నాను. బ్రాడీపేటలో ఒక ఇంట్లో పెళ్లికూతుర్ని చేస్తుంటే తీశాను. గది గోడలు లేత ఆకుపచ్చ. స్క్రీన్ మీద బాగానే కనిపించింది. ఇంటికొచ్చి చూస్తే పసుపు రాసిన బుగ్గలకి ఆకుపచ్చ కలిసి, పిల్లకి ఒంట్లో బాగోలేనట్టు ఉంది. వైట్ బ్యాలెన్స్ (ఫొటో మొత్తం రంగుని సర్దే సెట్టింగ్) మారిస్తే చీర రంగు పోయింది. ముఖాలు ఒక్కొక్కటీ విడిగా దిద్దుకుంటూ రెండు రాత్రులు కూర్చున్నాను. అప్పటి నుంచి రంగు గోడలుంటే వాటి జోలికి పోను. ఒక తెల్ల దుప్పటి బ్యాగులో పెట్టుకుంటాను, గోడకి కట్టి దానికి కొడతాను. మంగళగిరి తెల్ల పంచె కూడా బాగా పనిచేస్తుంది, ఫ్లాష్‌కీ మనిషికీ మధ్య తెరలా కడితే వెలుగు చక్కగా వడకట్టినట్టు వస్తుంది.

రంగు గోడల నుంచే రావాలని లేదు. గుంటూరు పక్క ఊళ్లో మిరప కల్లంలో ఒక రైతుని తీశాను. చుట్టూ ఎకరం మేర ఎర్రటి కాయలు పరిచి ఉన్నాయి, పైన ఎండ. ఆయన గడ్డం కింద, మెడ మీద ఎర్రటి వెలుగు, కింద మంట ఉన్నట్టు. కల్లం ఫొటోలో ఆ ఎరుపు కొంచెం ఉంటే అందమే, కానీ ముఖం మీద అంత అక్కర్లేదు. ఆయన కాళ్ల ముందు తెల్ల గుడ్డ పరిచి, పక్క నుంచి గొడుగుతో ఫ్లాష్ కొడితే చర్మం రంగు చర్మం రంగులా వచ్చింది. నేల నుంచి వచ్చే వెలుగుని చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఫంక్షన్ హాల్లో ఎర్ర కార్పెట్ ఉంటే అది కూడా ఇలాగే చేస్తుంది.

గొడుగు విషయానికొస్తే, ఫ్లాష్ వెలుగు గుడ్డ గుండా దాటి మనిషి వైపు వచ్చే తెల్లది కొనండి. లోపల వెండి రంగున్నది వద్దు, దాని వెలుగు కొంచెం గట్టిగా ఉంటుంది. స్టాండు మనిషికి ఒక పక్కన, కెమెరా నుంచి 45 డిగ్రీల దగ్గర పెట్టి, గొడుగు మధ్యభాగం కళ్ల కంటే ఒక అడుగున్నర ఎత్తులో ఉండేట్టు కిందికి వంచండి. దూరం సుమారుగా గొడుగు వెడల్పంత, అంటే మీటరు నుంచి మీటరున్నర. ఫ్రేములో గొడుగు అంచు కనబడేంత దగ్గరికి తెచ్చి, ఆ తర్వాత అర అడుగు వెనక్కి జరపడం నా పద్ధతి. వెలుగు వెడల్పుగా పరుచుకునేట్టు ఫ్లాష్ జూమ్‌ని 24 లేదా 35 దగ్గర పెట్టండి, లేకపోతే గొడుగు మధ్యలో మాత్రమే వెలిగి, మా గురువుగారి బటర్ పేపర్ కథ మళ్లీ మొదలవుతుంది. ఐఎస్ఓ 200, ఎఫ్ 5.6, 1/8 పవర్ నుంచి మొదలుపెట్టొచ్చు.

సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఫొటోని జూమ్ చేసి కళ్లు చూడండి. నల్లగుడ్డులో చిన్న తెల్ల చుక్క ఉంటే వెలుగు చిన్నదని అర్థం. పెద్ద గుండ్రటి మెరుపు, పది పదకొండు గంటల ముల్లు దగ్గర గానీ ఒకటి రెండు గంటల ముల్లు దగ్గర గానీ ఉంటే బాగా కుదిరినట్టే. కళ్లలో ఏ మెరుపూ లేకపోతే లైట్ మరీ ఎత్తులో ఉంది.

ఇప్పుడు ఆ లెక్క. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. ఒక పెళ్లిలో వధూవరుల ఫొటో తీస్తున్నాననుకోండి. మెత్తగా ఉండాలని గొడుగుని వధువుకి మీటరు దూరంలో పెట్టాను. వరుడు ఆమెకి అవతల, అంటే లైట్‌కి మీటరున్నర దూరంలో ఉన్నాడు. అతనికి అందేది ఆమెకి అందిన దాంట్లో సగం కన్నా తక్కువ. ఆమె వెలిగిపోతుంది, అతను చీకట్లో ఉంటాడు. ఇప్పుడు గొడుగుని మూడు మీటర్ల దూరానికి జరిపితే ఆమెకి మూడు, అతనికి మూడున్నర. అతనికి దాదాపు ముప్పావు వంతు అందుతుంది, తేడా కంటికి పెద్దగా ఆనదు. కానీ గొడుగు దూరమైంది కాబట్టి చిన్నదైంది, నీడలు గట్టిపడ్డాయి. దగ్గరుంటే మెత్తన, దూరముంటే సమానం అని చెప్పింది ఇదే.

దీనికి నేను మూడు దార్లు వాడతాను. మొదటిది, గొడుగుని దగ్గర మనిషి వైపు కాకుండా దూరంగా ఉన్నవాళ్ల వైపు తిప్పడం. వెలుగు మధ్యభాగం బలంగా ఉంటుంది కాబట్టి అది దూరం వాళ్లకి వెళ్తుంది, అంచు వెలుగు దగ్గరి వాళ్లకి సరిపోతుంది. రెండోది, రెండో పక్కన తెల్ల థర్మాకోల్ షీట్ పెట్టడం. ఇది ఫొటోగ్రాఫర్‌కి దొరికే అతి చవకైన లైట్. ఒక్క మనిషి పోర్ట్రెయిట్‌లో ముఖానికి రెండు మూడు అడుగుల దూరంలో, ఫ్రేము బయట పెడితే నీడ వైపు బుగ్గ లేచి వస్తుంది. దగ్గరికి జరిపితే నీడ తగ్గుతుంది, దూరం చేస్తే పెరుగుతుంది. షీట్ పట్టుకోవడానికి ఇంట్లో పిల్లలెవరైనా చాలు. మూడోది గ్రూపులకి. పదిమంది నిలబడితే గొడుగు దగ్గర పెట్టి లాభం లేదు. కెమెరా పక్కనే, ఎత్తులో, మూడు నాలుగు మీటర్ల దూరం నుంచి కొట్టాలి. అక్కడ కాస్త గట్టి నీడలొచ్చినా ఒప్పుకోవాలి. అమ్మమ్మా మనవరాలూ ఇద్దరి ముఖాలూ ఒకేలా కనబడటం అక్కడ ముఖ్యం.

మెరుపు గురించి. మే నెలలో మన దగ్గర ఏసీ హాల్లో కూడా పట్టుచీర కట్టుకున్న మనిషికి చెమట పడుతుంది. చెమట, నూనె అద్దంలా పనిచేస్తాయి. అద్దంలో చిన్న దీపం చిన్న తీక్షణమైన చుక్కలా కనబడుతుంది, పెద్ద తెల్ల తెర పరుచుకున్న వెలుగులా కనబడుతుంది. కాబట్టి గొడుగు వాడితే సగం మెరుపు దానంతటదే తగ్గుతుంది. మిగతా సగానికి టిష్యూ పేపర్. రుద్దొద్దు, అద్దండి. రుద్దితే మేకప్ లేచిపోతుంది. లైట్‌ని కొంచెం పక్కకి జరిపినా మెరుపు కెమెరా వైపు రాకుండా తప్పుకుంటుంది. అమ్మమ్మ కళ్లద్దాల్లో గొడుగు కనబడితే లైట్ ఇంకాస్త ఎత్తండి, అద్దాల కాడల్ని చెవుల మీద రవ్వంత పైకి జరపమనండి.

ఒక మాట గట్టిగా చెప్పాలనిపిస్తోంది. మెత్తటి వెలుగు అంటే ముఖాన్ని తెల్లగా చేయడం కాదు. చామనచాయ పిల్లని రెండు స్టాప్‌లు, అంటే నాలుగు రెట్లు, ఎక్కువ కొట్టి తెల్లగా చూపించి, ఎంత బాగా వచ్చిందో అని ఇస్తుంటారు. చామనచాయ మీద పెద్ద వెలుగు పడితే బుగ్గ ఎముక మీద, ముక్కు దూలం మీద సన్నటి నిగారింపు వస్తుంది. ముఖం ఆకారం చెప్పేది అదే. ఎక్స్‌పోజర్ పెంచితే మొదట పోయేది కూడా అదే. ఆ అమ్మాయి అద్దంలో చూసుకున్నప్పుడు ఏ రంగులో కనబడుతుందో ఫొటోలో కూడా ఆ రంగే ఉండాలి. టీటీఎల్‌లో, అంటే ఫ్లాష్ బలాన్ని కెమెరానే లెక్కగట్టే పద్ధతిలో తీస్తే, వెనక చీకటిగా ఉన్నప్పుడు కెమెరా మోసపోయి ఎక్కువ కొడుతుంది. అప్పుడు ఫ్లాష్ కాంపెన్సేషన్ మైనస్ 1 దాకా తగ్గించి చూడండి.

ఫంక్షన్ హాల్లో మీకు ఎదురయ్యేవి వేరు. సీలింగ్ ఇరవై అడుగులుండొచ్చు, నల్లగా ఉండొచ్చు, రంగు గుడ్డలు కట్టి ఉండొచ్చు. ఇరవై అడుగుల సీలింగ్‌కి కొట్టి ఏం రాదు. స్టేజి మీద కూర్చోబెట్టి అక్షింతలు వేసే సమయంలో గొడుగు స్టాండు పెడితే బంధువుల కాళ్లకి అడ్డం తగులుతుంది, వీడియో వాళ్లు కోప్పడతారు. ఆ గంటసేపు స్టేజి పక్కన ఎవరైనా తెల్ల థర్మాకోల్ షీట్ ఎత్తి పట్టుకుంటే, కెమెరా మీది ఫ్లాష్‌ని దాని వైపు తిప్పి కొట్టండి. నేను ఇలా చాలా పెళ్లిళ్లు తీశాను, నడిచే గోడ అన్నమాట. పోర్ట్రెయిట్లు మాత్రం ఫంక్షన్ మొదలవక ముందే, ముస్తాబు గదిలో గొడుగుతో ప్రశాంతంగా తీసుకోండి. ముస్తాబు పూర్తయిన వెంటనే ఇరవై నిమిషాలు మీకు కావాలని అమ్మతో ముందే చెప్పి ఉంచండి. ఆ తర్వాత ఎవరూ ఇవ్వరు.

హాల్లో లైట్లు పసుపుగా ఉండి మీ ఫ్లాష్ తెల్లగా ఉంటే ముఖం నీలంగా, వెనకంతా నారింజగా వస్తుంది. ఫ్లాష్ ముందు నారింజ జెల్, అంటే వెలుగు దాటే రంగు కాగితం పెట్టి, వైట్ బ్యాలెన్స్‌ని బల్బు గుర్తుకి మారిస్తే రెండూ కలుస్తాయి.

ఆరుబయట తీసేట్టయితే ఒక్క సూత్రం. షట్టర్ వేగం మనిషి వెనక ఉన్న వెలుగుని మారుస్తుంది, ఫ్లాష్ పవర్ ముఖాన్ని మారుస్తుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర సాయంత్రం ఎగువ వైపు సూర్యుడు దిగుతుంటే, ముందు ఫ్లాష్ ఆపేసి ఆకాశం నచ్చినట్టు వచ్చేదాకా షట్టర్ సర్దుకోండి. తర్వాత ఫ్లాష్ వేసి ముఖం సరిచేసుకోండి. మీ కెమెరాకి మామూలు ఫ్లాష్‌తో షట్టర్ 1/200 సెకను హద్దు, అంతకంటే వేగంగా పెడితే ఫ్రేములో నల్ల పట్టీ వస్తుంది. ఇక కృష్ణ ఒడ్డున గాలి. గొడుగు అంటేనే గాలికి తెరచాప. పున్నమి ఘాట్ దగ్గర నా స్టాండు ఒకసారి పడిపోయి ఫ్లాష్ కాలు విరిగింది. పక్కన మనుషులెవరూ లేరు కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి స్టాండు కాలికి ఇటుకల సంచి కట్టకుండా బయట గొడుగు విప్పను. గాలి ఎక్కువుంటే గొడుగు మానేసి, ఫ్లాష్‌ని ఒక మనిషి చేత పట్టించండి.

సాఫ్ట్‌బాక్స్ (ఫ్లాష్‌కి తొడిగే, ముందు తెల్ల గుడ్డ ఉన్న పెద్ద పెట్టె) కొనాలా అని తర్వాత అడుగుతారు, కాబట్టి ఇప్పుడే చెప్తాను. సాఫ్ట్‌బాక్స్ వెలుగుని ఒక వైపే పంపుతుంది, గొడుగు గది అంతా చిమ్ముతుంది. చిన్న తెల్ల గదిలో గొడుగు చిమ్మిన వెలుగు గోడల నుంచి తిరిగొచ్చి నీడల్ని ఇంకా నింపుతుంది, మీకు కావాల్సింది అదే. వెనక చీకటిగా ఉంచి ముఖం ఒక్కటే వెలిగించాలనుకున్న రోజు సాఫ్ట్‌బాక్స్ కొనుక్కోండి. రింగ్ లైట్ మాత్రం ఈ పనికి వద్దు.

ఫంక్షన్‌కి ముందు ఒక పని చేయండి. ఇంట్లో ఎవరినైనా కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, కర్టెన్ వేసి, గొడుగుని ఒక మీటరు, రెండు మీటర్లు, మూడు మీటర్ల దూరాల్లో పెట్టి మూడు ఫొటోలు తీయండి. ప్రతిసారీ ఫ్లాష్ పవర్ మార్చుకుంటూ ముఖం వెలుగు ఒకేలా ఉంచండి. తర్వాత ముక్కు పక్క నీడ అంచు, వెనక గోడ వెలుగు పక్కపక్కన పెట్టి చూడండి. వీలైతే ముందు రోజు హాల్‌కి వెళ్లి సీలింగ్‌నీ, స్టేజి వెనక గోడనీ, ముస్తాబు గదినీ ఒక్కో ఫొటో తీసి ఇక్కడే పెట్టండి. లైట్ ఎక్కడ పెట్టాలో చూసి చెప్తాను.